అంకె ఒక్కటే పంపకండి, దాని పుట్టుపూర్వోత్తరాలూ పంపండి: వాతావరణ మోడళ్లను వాడే విధాన నిర్ణేతలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన విధాన నిర్ణేతలకు, ప్రణాళికా విభాగాల అధికారులకు, వారి కోసం వాతావరణ నివేదికలు తయారుచేసే కన్సల్టెంట్లకు,

నమస్కారం. భూ వ్యవస్థ మోడళ్లను (భూమి వాతావరణాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టే ప్రోగ్రాములను) నడిపేవాళ్లం, వాటి ఫలితాలను సరిచూసేవాళ్లం కలిసి రాస్తున్న లేఖ ఇది. ఇందులోని విషయాలు మీకు కొత్త కావు. మీ వాతావరణ నివేదికల ముసాయిదాల మీద అభిప్రాయాలు అడిగినప్పుడల్లా ఇవే రాసి పంపాం. అందినట్టు రసీదు వచ్చింది. తుది ప్రతుల్లో మాత్రం అవే తప్పులు మళ్లీ అచ్చయ్యాయి. అందుకే ఈసారి అందరి ముందూ రాస్తున్నాం.

మోడళ్లను మీరు పట్టించుకోవడం లేదన్నది మా ఫిర్యాదు కాదు. పట్టించుకుంటున్నారు. కానీ నమ్మాల్సిన చోట నమ్మడం లేదు, నమ్మకూడని చోట కళ్లు మూసుకుని నమ్ముతున్నారు. ప్రపంచ సగటు ఉష్ణోగ్రత గురించి మోడళ్లు దశాబ్దాలుగా ఒకే మాట చెబుతుంటే "ఇంకా స్పష్టత లేదు" అంటూ ఫైలు పక్కన పెడతారు. అదే మోడళ్ల నుంచి ఎవరో తీసిన రంగుల మ్యాపు ఒకటి, 2060లో ఒక పట్టణంలో గంటకు ఎన్ని మిల్లీమీటర్ల వాన పడుతుందో రెండు దశాంశ స్థానాలతో సహా చూపిస్తే, దాన్ని పట్టుకుని వాననీటి కాల్వ వెడల్పు ఖరారు చేస్తారు. ఈ తలకిందుల నమ్మకం ఎక్కడెక్కడ ఎలా దెబ్బతీస్తుందో వరుసగా చెబుతాం. మా డిమాండ్లు చివర్లో ఉన్నాయి.

1. మోడల్ లోపల ఏముంది

భూగోళాన్ని గళ్లుగా కోసి, గాలినీ సముద్రాన్నీ పొరలు పొరలుగా పేర్చి, ప్రతి గడిలోనూ వేడి ఎంత, తేమ ఎంత, గాలి ఎటు, నీటిలో ఉప్పు ఎంత అన్నది మోడల్ అరగంటకో అంతకన్నా తక్కువ వ్యవధికో ఒకసారి లెక్కగడుతుంది. శక్తి కొత్తగా పుట్టదు, మాయమూ కాదు అని బడిలో చదువుకున్న సూత్రమే దాని వెన్నెముక. నేల, చెట్లు, సముద్రపు మంచుతో పాటు కర్బన చక్రం కూడా కలిస్తే దాన్ని భూ వ్యవస్థ మోడల్ అంటాం.

వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ సంఘమైన ఐపీసీసీ ఆరో నివేదికకు ఆధారమైన సీమిప్-6 (వేర్వేరు దేశాల మోడళ్లను ఒకే షరతులతో నడిపి పోల్చే ప్రాజెక్టు ఆరో విడత) మోడళ్లలో చాలావాటి గడి దాదాపు 100 కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు. అంటే 10,000 చదరపు కిలోమీటర్ల మేర కొండకు, లోయకు, నగరానికి, చెరువుకు కలిపి ఒకే ఉష్ణోగ్రత, ఒకే వాన. ఉరుముల మబ్బు అడ్డంగా కొన్ని కిలోమీటర్లే ఉంటుంది. ఇంత పెద్ద కన్నాల వలలో అది పడదు. కాబట్టి గడిలో సగటు వేడి, తేమ ఇంతుంటే మబ్బు ఇంత, వాన ఇంత అని ఒక ఉజ్జాయింపు సూత్రం పెడతాం. పారామీటరైజేషన్ అంటే ఇదే. మోడళ్ల మధ్య తేడాల్లో పెద్ద వాటా ఇక్కడే పుడుతుంది.

గడిని చిన్నది చేస్తే సరిపోదా అని అడుగుతుంటారు. గడి భుజాన్ని సగం చేస్తే గళ్లు నాలుగు రెట్లవుతాయి, లెక్కకూ లెక్కకూ మధ్య వ్యవధిని కూడా సగం చేయాల్సి వస్తుంది. మొత్తం మీద ఖర్చు ఎనిమిది రెట్లు. ఈ లెక్కన 100 కిలోమీటర్ల నుంచి ఒక్క కిలోమీటరుకు దిగాలంటే దాదాపు పది లక్షల రెట్లు. కొద్ది నెలలకో, చిన్న ప్రాంతానికో అలా నడపగలం. శతాబ్దానికి, ప్రపంచం మొత్తానికి, పదుల సార్లు నడపడం ఇంకా చేతికందని పని.

2. నమ్మాల్సిన చోట

1967లో వాతావరణ శాస్త్రవేత్తలు స్యుకురో మనాబే, రిచర్డ్ వెదరాల్డ్ గాలిని ఒకే నిలువు స్తంభంలా భావించి లెక్కగట్టారు. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి రెండు డిగ్రీలకు కాస్త పైగా వేడెక్కుతుందని తేలింది. 1979లో అమెరికా శాస్త్రవేత్తల చార్నీ కమిటీ 1.5 నుంచి 4.5 డిగ్రీలంది. 2021లో ఐపీసీసీ 3 డిగ్రీలు అంటూ, 2.5 నుంచి 4 మధ్య ఉండే అవకాశమే ఎక్కువని చెప్పింది. యాభై ఏళ్లకు పైగా గడిచినా పరిధి చివరికి బిగుసుకుందే కానీ చోటు మారలేదు. 1970 నుంచి 2007 మధ్య ప్రచురించిన 17 మోడల్ అంచనాలను ఆ తర్వాతి కొలతలతో పోల్చినప్పుడు, ఉద్గారాలు ఊహించిన దానికన్నా వేరుగా ఉన్న తేడాను లెక్కలోకి తీసుకుంటే 14 అంచనాలు సరిపోయాయి. ఇంతకన్నా పాత పరీక్ష పాసైన అంచనాలు మీ దగ్గరున్న ఏ ఇతర ఫైల్లోనైనా ఉన్నాయా? జనాభా అంచనాలు, ఇంధన గిరాకీ అంచనాలు కూడా కలుపుకుని అడుగుతున్నాం.

విధానానికి అన్నిటికన్నా పనికొచ్చే ఫలితం మరొకటుంది. వేడి పెరుగుదల ఇప్పటిదాకా గాల్లోకి వదిలిన కార్బన్ డయాక్సైడ్ మొత్తానికి దాదాపు అనులోమంగా ఉంటుంది. ప్రతి 1,000 గిగాటన్నులకు 0.45 డిగ్రీలు, పరిధి 0.27 నుంచి 0.63. గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు. ప్రపంచం ఏటా 40 గిగాటన్నుల దాకా వదులుతోంది. పదేళ్లు వాయిదా వేస్తే 400 గిగాటన్నులు, అంటే ఆ ఒక్క వాయువు వల్లే దాదాపు 0.18 డిగ్రీలు. పెరుగుదలను 1.5 డిగ్రీల వద్ద ఆపడానికి సగానికి సగం అవకాశం కావాలంటే 2020 మొదటి నుంచి మిగిలిన కోటా 500 గిగాటన్నులేనని ఐపీసీసీ లెక్క. అందులో ఎంత ఖర్చయిపోయిందో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నికర ఉద్గారాలు సున్నాకు చేరితే కార్బన్ డయాక్సైడ్ వల్ల వచ్చే పెరుగుదల ఆ తర్వాత దాదాపు ఆగిపోతుందని కూడా ఈ మోడళ్లే చెబుతున్నాయి. "ఇప్పుడు ఏం చేసినా లాభం లేదు" అనేవాళ్లకు ఇదే జవాబు, "తర్వాత చూద్దాం" అనేవాళ్లకూ ఇదే.

ఈ విషయంలో అనిశ్చితి పేరు చెప్పి వాయిదా వేయడానికి మోడళ్లు మీకు ఏ సాకూ ఇవ్వడం లేదు.

3. సినారియో అంటే జోస్యం కాదు

ఎస్‌ఎస్‌పీ5-8.5 అన్న సినారియో (రాబోయే ఉద్గారాలు ఇలా ఉంటాయనుకున్న ఒక దారి) పేరులో 8.5 అంటే 2100 నాటికి ప్రతి చదరపు మీటరుకు 8.5 వాట్ల అదనపు శక్తి చేరడం. దానికి బొగ్గు వాడకం శతాబ్దం పొడవునా విపరీతంగా పెరగాలి. చాలా నివేదికల్లో దీనికి "ఇప్పుడున్నట్టే కొనసాగితే" అని శీర్షిక పెడుతున్నారు. అది తప్పు. ఈ సినారియోలను తయారుచేసినవాళ్లు దేనికీ ఇంత సంభావ్యత అని ఇవ్వలేదు. ఉద్గారాలు ఇలా ఉంటే ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు మాత్రమే ఇచ్చారు. 1850–1900 సగటుతో పోలిస్తే 2081–2100 నాటికి ఎస్‌ఎస్‌పీ1-2.6లో 1.8 డిగ్రీలు, ఎస్‌ఎస్‌పీ2-4.5లో 2.7, ఎస్‌ఎస్‌పీ5-8.5లో 4.4. ఈ తేడా మోడల్ చేతిలో లేదు. మీ చేతిలో, మీవంటి వారి చేతుల్లో ఉంది.

ఇందుకు ఎదురు తప్పు కూడా చూస్తున్నాం. పదిహేనేళ్లు పనికొచ్చే పంపుసెట్టు కేంద్రానికి ఏ సినారియో తీసుకోవాలన్న చర్చ మీద నెలలు గడిచిపోతాయి. 2021–2040 సగటుకు అయిదు ప్రధాన సినారియోలూ 1.5 నుంచి 1.6 డిగ్రీల మధ్యే ఉన్నాయి. దగ్గరి కాలానికి సినారియో ఎంపిక దాదాపు అప్రస్తుతం. వందేళ్లు నిలవాల్సిన కరకట్టకు మాత్రం అదే ప్రాణం. అక్కడ చెడ్డ సినారియోతో పరీక్షించి తీరాలి.

4. సగటు కట్టి కరువును మాయం చేయడం

మా అభిప్రాయంలో ప్రజలకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే తప్పు ఇది. నివేదిక చదివేవాళ్లకు ఇది కనిపించదు కాబట్టి కాస్త నిదానంగా చెబుతాం.

ఒక జలాశయం ఉందనుకుందాం. నిండితే 60 యూనిట్లు పడుతుంది, ఏటా 90 యూనిట్లు వాడకం. మూడేళ్ల ఇన్‌ఫ్లో మీద మూడు రన్‌లు ఇలా చెబుతున్నాయి (రన్ అంటే మోడల్‌ను ఒకసారి పూర్తిగా నడపడం). మొదటిది: 140, 50, 45. రెండోది: 60, 130, 115. మూడోది: 100, 120, 140. జలాశయం నిండుగా ఉందనుకుని మొదటి రన్‌ను నడపండి. తొలి ఏడు పొంగి పొర్లిపోతుంది, నిల్వ 60. రెండో ఏడు 60కి 50 కలిపి 90 తీస్తే మిగిలేది 20. మూడో ఏడు 20కి 45 కలిపితే 65, కావాల్సింది 90. అంటే 25 యూనిట్ల లోటు. కుళాయిలు ఎండుతాయి, ఆయకట్టు చివరి పొలాలకు నీరందదు.

ఇప్పుడు చాలా నివేదికలు చేసే పని చేద్దాం. మూడు రన్‌లకూ ముందే సగటు కడదాం. మొదటి ఏడు 100, రెండో ఏడు 100, మూడో ఏడు 100. ఏటా 90 తీస్తే జలాశయం ఎప్పటికీ ఎండదు. లోటు ఎటు పోయింది? ఎక్కడికీ పోలేదు, సగటు కింద పూడ్చిపెట్టాం. ముప్ఫై మోడళ్ల సగటు గీత నునుపుగా, అందంగా ఉంటుంది. ఆ నునుపే ప్రమాదం. అలాంటి వాతావరణం భూమ్మీద ఎప్పుడూ లేదు, ఉండబోదు.

పద్ధతి ఒక్కటే. ముందు ప్రతి రన్‌నూ విడివిడిగా జలాశయం లెక్కలో నడపండి, ఎన్నిసార్లు లోటు వచ్చిందో లెక్కపెట్టండి, ఆ తర్వాత కావాలంటే ఆ సంఖ్యలకు సగటు కట్టండి. ఈ క్రమం తిరగబడితే జవాబు తిరగబడుతుంది.

ఇదే తప్పుకు ఇంకో రూపం: సగం మోడళ్లు వాన 15 శాతం పెరుగుతుందని, సగం 15 శాతం తగ్గుతుందని అంటే, సగటు సున్నా. మ్యాపులో ఆ చోటు తెల్లగా వదిలి "మార్పు లేదు" అని రాస్తారు. అక్కడ మోడళ్లు చెబుతున్నది మార్పు లేదని కాదు, పెద్ద మార్పు ఏ దిక్కుగానైనా రావచ్చని.

5. ఒక్క రన్‌తో తీర్పు

డేటా భాండాగారంలో ప్రతి ఫైలు పేరులో ఆర్1ఐ1పీ1ఎఫ్1 వంటి ముద్ర ఉంటుంది. మొదటి అంకె ఎన్నో రన్ అన్నది చెబుతుంది. చాలా నివేదికలు ఆ మొదటి ఫైలు దింపుకుని ఆగిపోతాయి. ఎందుకు ఆగకూడదో చూపడానికి అమెరికాలో ఒక ప్రయోగం జరిగింది: ఒకే మోడల్, ఒకే ఉద్గారాలు, 40 రన్‌లు. రన్‌కూ రన్‌కూ ఆరంభంలో తేడా గాలి ఉష్ణోగ్రతలో ఒక డిగ్రీలో వంద లక్షల కోట్లవ వంతు, అంతే. ఆ మాత్రానికే కొన్ని వారాల్లో వాతావరణం వేర్వేరు దారులు పట్టింది. ప్రపంచ సగటులో అన్నీ కలిసే నడిచాయి కానీ, ఒక్కో ప్రాంతంలో యాభై ఏళ్ల పోకడ సైతం రన్‌కూ రన్‌కూ బాగా మారిపోయింది. ఒక్క రన్ చూసి "ఇక్కడ వానలు తగ్గుతాయి" అని రాయడం, పాచిక ఒక్కసారి వేసి దాని స్వభావం చెప్పడం లాంటిది. రైతుకు పంట మార్చుకోమని సలహా ఇచ్చే ముందు ఆ పాచిక ఎన్నిసార్లు వేశారో చెప్పాలి కదా.

6. గుమస్తా తప్పులు

ఇవి శాస్త్రానికి సంబంధించినవి కావు. చిన్నవిగా కనిపిస్తాయి, నష్టం మాత్రం చిన్నది కాదు. తనిఖీకి అరపూట చాలు.

తీర ప్రాంతపు పట్టణానికి "దగ్గరి గడి" తీసుకోమని ప్రోగ్రాముకు చెబితే అది సముద్రపు గడిని తీసుకోవచ్చు. పగటి, రాత్రి ఉష్ణోగ్రతల తేడా పది డిగ్రీలు ఉండాల్సిన చోట ఒకటి రెండు డిగ్రీలే కనిపిస్తే అనుమానించండి. గడిలో నేల ఎంత శాతమో చెప్పే ఫైలు దాదాపు ప్రతి మోడల్‌తోనూ ఉంటుంది, దాన్ని తెరిచి చూడండి. ఇది పట్టుకోకపోతే వడగాలుల ప్రణాళికలో ఆ పట్టణానికి వడగాలులే ఉండవు.

కొండ ప్రాంతాల్లో మోడల్ నేల చదునుగా ఉంటుంది. ఊరు 1,200 మీటర్ల ఎత్తున ఉండి, గడి సగటు ఎత్తు 400 మీటర్లైతే, కిలోమీటరుకు 6.5 డిగ్రీల లెక్కన 5.2 డిగ్రీల తేడా అక్కడే వచ్చేస్తుంది. శతాబ్దపు ప్రపంచ సగటు మార్పు కన్నా ఎక్కువ ఇది.

వాన యూనిట్ చదరపు మీటరుకు సెకనుకు ఇన్ని కిలోలు అని ఉంటుంది. 86,400తో హెచ్చిస్తేనే రోజుకు ఇన్ని మిల్లీమీటర్లు అవుతుంది. ఉష్ణోగ్రత కెల్విన్‌లో ఉంటుంది. ఈ రెండూ ఎవరైనా పట్టుకుంటారు. తేలిగ్గా పట్టుబడనిది క్యాలెండర్. కొన్ని మోడళ్లలో ఏడాదికి 360 రోజులు, ప్రతి నెలకూ 30. ఫిబ్రవరి 30 కూడా ఉంటుంది! మరికొన్నింటిలో లీపు సంవత్సరాలే ఉండవు. వీటిని మామూలు క్యాలెండర్‌లోకి మార్చేటప్పుడు కొన్ని ప్రోగ్రాములు లేని రోజులను ఖాళీగా వదులుతాయి. ఆ ఖాళీని తర్వాత ఎవరో సున్నాతో నింపుతారు. అప్పుడు వానాకాలం మధ్యలో ప్రతి ఏటా ఒకే తేదీన వాన పడదు.

ఇక బేస్‌లైన్. అంటే మార్పును ఏ కాలంతో పోలుస్తున్నామో ఆ కాలపు సగటు. 1995–2014 ప్రపంచ సగటు ఉష్ణోగ్రత అప్పటికే 1850–1900 కన్నా దాదాపు 0.85 డిగ్రీలు ఎక్కువ. ఒక పేజీలో "2 డిగ్రీలు" ఒక బేస్‌లైన్‌తో, పక్క పేజీలో "2 డిగ్రీలు" ఇంకో బేస్‌లైన్‌తో రాస్తే రెండూ ఒకటి కావు. ఒకే పత్రంలో ఈ రెండింటినీ కూడి తీసేసిన పట్టికలు చూశాం.

7. బయాస్ సవరణ మందే, మాయ కాదు

మోడల్ వానకు ఒక పాత జబ్బుంది: చాలా ఎక్కువ రోజులు కొద్దికొద్దిగా తుంపర. దాన్ని స్థానిక కొలతలకు సరిపోయేలా వరుస ప్రకారం దిద్దుతారు, బయాస్ సవరణ అంటే ఇదే. మోడల్‌లోని వందో పెద్ద వాన స్థానంలో కొలతల్లోని వందో పెద్ద వానను పెడతారు. బాగానే ఉంటుంది. కానీ రాబోయే కాలంలో కొలతల చరిత్రలో ఎన్నడూ లేనంత పెద్ద వాన వస్తే, దిద్దడానికి జోడీ ఉండదు. ప్రోగ్రాము ఊహించి గీత పొడిగిస్తుంది. కాల్వ, వంతెన, స్పిల్‌వే డిజైన్‌కు కావాల్సింది సరిగ్గా ఆ వానే.

ఉష్ణోగ్రతనూ తేమనూ వేర్వేరుగా దిద్దితే ఇంకో విడ్డూరం: కొన్ని రోజులు సాపేక్ష ఆర్ద్రత 100 శాతం దాటుతుంది. బయట పనిచేసే కూలీలకు ఏ గంటల్లో పని ఆపాలో ఈ రెండింటినీ కలిపే తేలుస్తారు. రెండింటి మధ్య బంధం తెగాక ఆ హెచ్చరికకు విలువేముంది?

అసలు వాన తెచ్చే గాలుల దారే మోడల్‌లో తప్పు చోట ఉంటే, దిద్దుబాటు ఆ తప్పును కప్పిపెడుతుంది, సరిచేయదు. పెద్ద గళ్ల మోడళ్లలో నేల మీద ఉరుముల వాన మిట్టమధ్యాహ్నానికే ఉచ్ఛస్థితికి చేరుతుంది. నిజంలో అది చాలాచోట్ల సాయంత్రం పడుతుంది. వేళే తప్పినవాడు గంటకు ఎన్ని మిల్లీమీటర్లో చెబితే ఎందుకు నమ్మాలి?

దీనికి మార్గం ఉంది. గంట లెక్కన డిజైన్ చేయాల్సిన చోట మోడల్ వానను నేరుగా వాడకండి. స్థానిక వర్షమాపకాల దీర్ఘకాల రికార్డు తీసుకోండి. ఒక డిగ్రీ పెరిగితే గాలి దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టగలదన్నది గట్టి భౌతిక సూత్రం, రోజువారీ అతిభారీ వానలు కూడా ప్రపంచవ్యాప్తంగా దాదాపు ఆ రేటునే పెరుగుతాయి. ఆ గుణకంతో పెంచి చూడండి. గంటలోపు వానలు కొన్నిచోట్ల అంతకన్నా వేగంగా పెరుగుతున్నాయి కాబట్టి డిగ్రీకి 14 శాతంతో మరోసారి పరీక్షించండి. నాలుగు కిలోమీటర్ల కన్నా చిన్న గళ్లతో, ఉరుముల మబ్బులను నేరుగా లెక్కగట్టే ప్రాంతీయ మోడల్ ఫలితాలు దొరికితే వాటితో పోల్చండి. రంగుల మ్యాపంత ఆకర్షణ ఇందులో లేదు, నిజమే.

8. అతివేడి మోడళ్లు, అసలు లేని ముక్కలు

సీమిప్-6లో కొన్ని మోడళ్లు కార్బన్ డయాక్సైడ్ రెట్టింపుకు 5 డిగ్రీలకు పైగా వేడెక్కుతాయి. దక్షిణ మహాసముద్రం మీది మబ్బులను చూపే తీరు మారడం ఇందుకు ముఖ్య కారణాల్లో ఒకటి. గత వాతావరణపు ఆధారాలు ఇంత ఎక్కువను సమర్థించవు. ఐపీసీసీ అందుకే ఆరో నివేదికలో మోడళ్ల సగటును ఉన్నదున్నట్టు తీసుకోలేదు, కొలతలతో కలిపి బిగించింది. మీ నివేదికలు మాత్రం దొరికిన మోడళ్లన్నిటికీ సమాన ఓటు ఇస్తున్నాయి. కొన్ని మోడళ్లు ఒకే కోడ్ నుంచి పుట్టిన అన్నదమ్ములు, వాటికి వేర్వేరు ఓట్లు ఇవ్వడం ఒకే ఇంటివాళ్ల మాటను పదిసార్లు లెక్కపెట్టడమే. ఏ ఏడాదికి ఏమవుతుందని అడగడం మాని, ప్రపంచం 2 డిగ్రీలు వేడెక్కినప్పుడు ఈ ప్రాంతంలో ఏమవుతుందని అడిగితే ఈ చిక్కులో చాలాభాగం విడిపోతుంది.

మరోవైపు, చాలా మోడళ్లలో భారీ మంచు ఫలకాలు కదలవు, శాశ్వత మంచు నేల కరిగి వదిలే కర్బనం లెక్కలో ఉండదు. ఎస్‌ఎస్‌పీ5-8.5లో 2100 నాటికి సముద్రమట్టం 0.63 నుంచి 1.01 మీటర్లు పెరగవచ్చన్నది ఐపీసీసీ అంచనా. మంచు ఫలకాల కుప్పకూలడం గురించి సరిగా అర్థంకాని ప్రక్రియల వల్ల దాదాపు 2 మీటర్లను కూడా కొట్టిపారేయలేమని అదే నివేదిక అంది. మొదటి అంకె అన్ని పత్రాల్లోనూ ఉంటుంది, రెండోది కనిపించదు. తీరంలో ఇల్లు కట్టుకునేవాడికి రెండో అంకె తెలియాల్సిన అవసరమే ఎక్కువ.

9. ఖర్చు, లాభం, పన్ను, ధర లెక్కలు చేసేవి వేరే మోడళ్లు. అవి ఆర్థిక మోడళ్లు. వాటిలో భౌతికశాస్త్రం పాలు తక్కువ, భవిష్యత్తుకు ఇచ్చే డిస్కౌంట్ రేటు (రేపటి లాభనష్టాలను ఇవాళ్టి లెక్కలో ఎంత తగ్గించి చూడాలన్నది) పాలు ఎక్కువ. "మోడల్ చెప్పింది" అని రాసేటప్పుడు ఏ రకం మోడలో రాయండి. డిస్కౌంట్ రేటు మీద తగాదాను మా నెత్తిన వేయకండి.

మా డిమాండ్లు

1. పాలసీ పత్రంలో వచ్చే ప్రతి మోడల్ అంకె పక్కనే దాని పుట్టుపూర్వోత్తరాలు అచ్చువేయాలి: ఎన్ని మోడళ్లు, ఒక్కోదానికి ఎన్ని రన్‌లు, ఏ సినారియో, ఏ ఇరవై లేదా ముప్ఫై ఏళ్ల సగటు, ఏ బేస్‌లైన్, గడి ఎంత, బయాస్ సవరణ ఏది. ఇవి లేని అంకెను పత్రంలోంచి తీసేయాలి. అనుబంధంలో ఎక్కడో 140వ పేజీలో పెడితే కుదరదు.

2. ముడి ఫలితాల నుంచి తుది అంకె దాకా నడిచిన కోడ్‌నూ డేటానూ టెండర్ షరతుల్లోనే బహిరంగం చేయించాలి. ప్రజల డబ్బుతో కొన్న లెక్కను వ్యాపార రహస్యం అనడానికి వీల్లేదు. పైన 6వ అంశంలోని తప్పులన్నీ బయటివాళ్లు అరపూటలో పట్టుకోగలిగినవే.

3. భవిష్యత్తు అడిగే ముందు గతం అడగండి. ఎంచుకున్న మోడళ్లు గత ముప్ఫై ఏళ్లలో ఆ ప్రాంతపు వానాకాలం మొదలు, ముగింపు, పొడి రోజుల వరుస, అత్యధిక ఉష్ణోగ్రత ఎలా చూపాయో ఒక పేజీ పట్టిక తప్పనిసరి చేయాలి. ఏ మోడల్‌ను ఎందుకు వదిలేశారో కూడా రాయాలి. నచ్చని జవాబు ఇచ్చిందని వదిలేస్తే అది పట్టికలోనే బయటపడుతుంది.

4. ప్రశ్నను తిరగేసి వేయండి. "2060లో వాన ఎంత?" అని కాకుండా, "ఈ కాల్వ, ఈ జలాశయం, ఈ ఆసుపత్రి విద్యుత్ ఏర్పాటు ఎంత దాటితే విఫలమవుతుంది?" అని ముందు ఇంజినీర్లను అడగండి. ఆ గీత తేలాక, ఎన్ని రన్‌లు దాన్ని దాటుతున్నాయో మేం చెప్పగలం. అది మోడల్ నిజాయితీగా ఇవ్వగల జవాబు.

5. వర్షమాపకాలు, నదీ ప్రవాహ కేంద్రాల మూసివేత ఆపాలి. ముప్ఫై ఏళ్ల రికార్డు మధ్యలో అయిదేళ్లు తెగితే దాన్ని తర్వాత ఏ సూపర్ కంప్యూటరూ పూరించలేదు. కొత్త కంప్యూటర్ ప్రారంభోత్సవానికి వచ్చేంత మంది వర్షమాపకం బాగుచేయడానికి రారని మాకు తెలుసు, అయినా అడుగుతున్నాం.

6. నీరు, వ్యవసాయం, ఆరోగ్యం, పట్టణాభివృద్ధి చూసే ప్రతి విభాగంలోనూ మోడల్ ఫలితాలుండే నెట్‌సీడీఎఫ్ ఫైలు తెరిచి, పై తనిఖీలు స్వయంగా చేయగల ఉద్యోగి కనీసం ఒకరు, శాశ్వత పోస్టులో ఉండాలి. ప్రాజెక్టు ముగియగానే వెళ్లిపోయే కాంట్రాక్టు మనిషి కాదు.

7. ముసాయిదాల మీద వచ్చిన అభ్యంతరాలకు అంశాలవారీగా రాతపూర్వక జవాబు ఇచ్చి, తుది ప్రతితో పాటే ప్రచురించాలి. ఒప్పుకోకపోతే ఎందుకో రాయండి, చాలు.

ఈ లేఖకు జవాబు రాసేటప్పుడు, ప్రస్తుతం మీ దగ్గర ముసాయిదా దశలో ఉన్న పత్రాల్లో మొదటి డిమాండ్‌ను దేనికి ముందుగా వర్తింపజేస్తారో పేరు, తేదీ రాయండి. దానిలోని అంకెలను 4, 6 అంశాల ప్రకారం ఖర్చు లేకుండా సరిచూసి ఇవ్వడానికి మేం సిద్ధంగా ఉన్నాం.

భవదీయులు,
భూ వ్యవస్థ మోడళ్లతో పనిచేసేవాళ్లం